కైలాస పరిక్రమ, మానస సరోవర యాత్ర: దరఖాస్తు నుంచి తీర్థం ఇంటికి చేరేదాకా

కైలాస పరిక్రమ మొత్తం సుమారు 52 కిలోమీటర్లు, మూడు రోజులు. అంతేనా అనిపిస్తుంది. అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కేవాళ్లు కూడా అక్కడ రెండో రోజే గుర్రం ఎక్కడానికో, వెనక్కి తిరగడానికో కారణం ఉంది. మానస సరోవరం ఒడ్డే 4,590 మీటర్ల ఎత్తున ఉంది. పరిక్రమలో దాటాల్సిన డోల్మా లా కనుమ 5,630 మీటర్లు. అక్కడ గుక్కెడు గాలి పీలిస్తే మన కోస్తా ఊళ్లలో దొరికే ప్రాణవాయువులో సగమే ఒంట్లోకి వెళ్తుంది. కాళ్ల బలం ఆ లోటు తీర్చలేదు, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడానికి ఇచ్చిన రోజులే తీరుస్తాయి. అందుకని ఈ యాత్రకు పెట్టే డబ్బులో మొదటి వాటా ఆ అదనపు రోజులకు పోవాలి. మంచి హోటల్, హెలికాప్టర్ ఆ తర్వాతి సంగతి.

దారి ఎంచుకోవడం

భారత ప్రభుత్వం విదేశాంగ శాఖ ద్వారా రెండు దారుల్లో పంపుతుంది. ఉత్తరాఖండ్‌లోని లిపులేఖ్ కనుమ దారి 1981 నుంచి, సిక్కింలోని నాథు లా దారి 2015 నుంచి నడుస్తున్నాయి. 2020 నుంచి ఆగిపోయిన యాత్ర 2025లో మళ్లీ మొదలైంది. ఆ ఏడు లిపులేఖ్ మీదుగా 50 మంది చొప్పున 5 జట్లు, నాథు లా మీదుగా 10 జట్లు, మొత్తం 750 మంది. ఖర్చు లిపులేఖ్‌కు సుమారు 1.74 లక్షలు, నాథు లాకు సుమారు 2.83 లక్షలు. ప్రతి ఏడూ జట్లూ ధరలూ మారతాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చూసుకోండి.

ఈ రెంటిలో ఏది అంటే, మోకాళ్లు అంత గట్టిగా లేనివాళ్లకు నాథు లా. టిబెట్‌లో దాదాపు అంతా బస్సు ప్రయాణమే. కంగ్మా, లాజీ, ఝోంగ్‌బా మీదుగా రోజులు పట్టే దారి గనక ఎత్తు కూడా నెమ్మదిగా అలవాటవుతుంది. లిపులేఖ్ దారిలో సరిహద్దు దగ్గరి మకాం గుంజి దాటి పైదాకా ఇప్పుడు రోడ్డు పడింది, పూర్వపు వారం రోజుల నడక లేదు. ఆ నడక పోవడం వల్ల ఒక నష్టమూ ఉంది: ఒళ్లు అలవాటు పడే సమయం తగ్గింది. గుంజిలో వేసే మకాం రోజులు అందుకే. ఊరికే ఆపేశారని విసుక్కోకండి.

ప్రైవేటుగా వెళ్లేవాళ్లకు మూడు దారులు. ఖాట్మండు నుంచి రసువాగఢీ, కేరుంగ్, సాగా మీదుగా రోడ్డున వెళ్లేది ఒకటి. నేపాల్‌గంజ్ నుంచి చిన్న విమానంలో సిమికోట్‌కు, అక్కడి నుంచి హెలికాప్టర్‌లో హిల్సాకు, వంతెన దాటి టిబెట్‌లోని తక్లాకోట్‌కు వెళ్లేది రెండోది. విమానంలో లాసా దిగి అక్కడి నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు రోడ్డున పోయేది మూడోది.

తక్కువ రోజులు, తక్కువ కుదుపులు అని హెలికాప్టర్ దారికి ఎగబడతారు. లెక్క వేసి చూడండి: నేపాల్‌గంజ్ 150 మీటర్లు, సిమికోట్ 2,900, హిల్సా 3,600 దాటి. వాతావరణం బాగుంటే రెండు రోజుల్లో ఇంత ఎత్తు ఎక్కించేస్తారు. బాగాలేకపోతే సిమికోట్‌లో రెండు మూడు రోజులు ఇరుక్కుంటారు. పోయిన ఆ రోజులను తక్లాకోట్ విశ్రాంతిలోంచి కోసేస్తారు, యాత్ర చెడేది అక్కడే. కేరుంగ్ దారిలో గండం వేరు. కేరుంగ్ సుమారు 2,800, మర్నాడు పడుకునే సాగా దాదాపు 4,500. ఒక్క రోజులో 1,700 మీటర్లు! కేరుంగ్‌లో రెండు రాత్రులు, సాగాలో రెండు రాత్రులు రాసి ఇవ్వని ప్యాకేజీ ఎంత చౌకైనా వద్దనండి. ఆ దారికి వానల బెడద కూడా ఉంది. 2025 జూలై 8న వచ్చిన వరద రసువాగఢీ దగ్గర సరిహద్దు వంతెనను కొట్టుకుపోయింది. కాబట్టి తిరుగు టికెట్టుకు ముందు కనీసం రెండు ఖాళీ రోజులు ఉంచుకోండి.

అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, ప్రభుత్వ యాత్రకు అర్హులు కారు. వాళ్లకు లాసా దారి అన్నిటికన్నా నయం. మూడు రోజులు లాసాలో కదలకుండా గడిపితే, 3,650 మీటర్ల ఎత్తు నుంచి మొదలైన ఒళ్లు కైలాసం చేరేసరికి కుదుటపడుతుంది.

ప్రభుత్వ దరఖాస్తు ఎలా

దరఖాస్తు ఆన్‌లైన్‌లో విదేశాంగ శాఖ యాత్రా వెబ్‌సైట్‌లో మాత్రమే. "లిపులేఖ్ సీటు ఇప్పిస్తాం" అని ఎవరైనా డబ్బడిగితే అది మోసం. ఎంపిక కంప్యూటర్ లాటరీ. సిఫార్సు పనిచేయదు.

పెట్టే ముందు నాలుగు చూసుకోండి. ఆ ఏడు జనవరి 1 నాటికి వయసు 18 నిండి 70 దాటకూడదు. పాస్‌పోర్టు సెప్టెంబర్ 1 తర్వాత కనీసం ఆరు నెలలు చెల్లాలి. భారత పౌరులై ఉండాలి. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25కు మించకూడదు. ఈ చివరిదే చాలామందిని ఢిల్లీ నుంచి ఇంటికి పంపుతుంది. మీ ఎత్తును మీటర్లలో వేసి, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 25తో గుణించండి, వచ్చేదే కిలోల్లో మీ గరిష్ఠ బరువు. 1.65 మీటర్ల మనిషికి 68 కిలోలు, 1.70 మీటర్లకు 72 కిలోలు గీత. లాటరీ వచ్చాక తగ్గిద్దాంలే అనుకుంటే నెలన్నరలో ఎనిమిది కిలోలు తగ్గాలి, నీరసంతో కొండెక్కాలి. దరఖాస్తు పెట్టిన రోజే మొదలుపెట్టండి.

భార్యాభర్తలు, అన్నదమ్ములు ఒకే దరఖాస్తులో ఇద్దరుగా పెట్టుకోవచ్చు. అలా పెడితే వస్తే ఇద్దరికీ వస్తుంది, లేకుంటే ఇద్దరికీ రాదు. పేరు, పుట్టినతేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా కొట్టండి. మనకు ఇంటిపేరుతోనే తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే దరఖాస్తులోనూ అలాగే ఉంచాలి. చక్కగా ఉంటుందని విడగొడితే వీసాలో చిక్కొస్తుంది.

ఎంపికయ్యాక గడువులోగా నిర్ధారణ రుసుం కట్టాలి, అది తిరిగి రాదు. ఢిల్లీకి అసలు పాస్‌పోర్టు, నకళ్లు, ఫోటోలతోపాటు మూడు పత్రాలు తీసుకెళ్లాలి: స్టాంపు కాగితం మీద నోటరీ చేయించిన పూచీకత్తు, అవసరమైతే హెలికాప్టర్‌లో తరలించడానికి హామీ, చైనా వైపు ప్రాణం పోతే అంత్యక్రియలు అక్కడే జరపడానికి సమ్మతి. మూడోది ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి సంతకం చేయండి. బయల్దేరే ముందు రోజు బల్ల మీద చూస్తే గొడవైపోతుంది.

ఢిల్లీలో రెండు రోజులు వైద్య పరీక్షలు. రక్తం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష ఉంటాయి. మళ్లీ పైన, లిపులేఖ్ దారిలో గుంజి దగ్గర, నాథు లా దారిలో షెరథాంగ్ దగ్గర, సరిహద్దు దళం ఐటీబీపీ వైద్యులు చూస్తారు. బీపీ, షుగర్, ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ దాచి వెళ్లినవాళ్లు అక్కడ దొరికిపోతారు. దొరకని పక్షంలో ఇంకా పైన బయటపడుతుంది, అది మరీ ప్రమాదం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇవే పరీక్షలు రెండు నెలల ముందు సొంతంగా చేయించుకుంటే ఆ ఖర్చు వృథా కాదు.

ప్రైవేటు ఏజెంటును అడగాల్సినవి

మొదటి ప్రశ్న: ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకుంటాం? ఊళ్ల పేర్ల పక్కన మీటర్లు రాసి ఇవ్వమనండి. రెండోది: ఆక్సిజన్ సిలిండర్లు ఎన్ని, జట్టుతో ఎవరు మోస్తారు? మూడోది, చాలామంది అడగనిది: గుంపు వీసా కాగితంలో నాతోపాటు ఎవరెవరున్నారు? నేపాల్ నుంచి వెళ్లేవాళ్లందరి పేర్లు ఒకే కాగితం మీద ఉంటాయి. మీకు జబ్బు చేసి ముందే దిగాల్సి వస్తే ఆ కాగితంలోంచి మీ పేరు విడగొట్టించాలి. తోడుగా ఎవరు వస్తారు, ఆ ఖర్చు ఎవరిది అన్నది ముందే తేల్చుకోండి. టిబెట్ పర్మిట్ విలేకరులకు మామూలుగా ఇవ్వరు. వృత్తి గడిలో అబద్ధం రాయించే ఏజెంటు దగ్గర ఆగకండి.

బీమా పాలసీలో 6,000 మీటర్ల దాకా నడక అని విడిగా రాసి ఉండాలి. మామూలు ప్రయాణ పాలసీలు అంత ఎత్తును వదిలేస్తాయి. పరిక్రమ దారిలోకి హెలికాప్టర్ వచ్చి ఎత్తుకుపోతుందన్న భరోసా మాత్రం పెట్టుకోకండి. కింద, పరిక్రమ మొదలయ్యే దర్చెన్‌కు గుర్రం మీదో వాహనంలోనో దించి, అక్కడి నుంచి తక్లాకోట్ వైపు తేవాల్సిందే.

ఒంటిని సిద్ధం చేయడం

మూడు నెలలు చాలు, మానకుండా చేస్తే. మొదటి నెల వారానికి ఐదు రోజులు 5 కిలోమీటర్ల చొప్పున చురుగ్గా నడక. రెండో నెల నుంచి ఆదివారం 10 కిలోమీటర్లు, వీపున 5 కిలోల సంచితో. మూడో నెల వరుసగా రెండు రోజులు 12, 12 నడిచి చూడండి. రెండో రోజు పొద్దున లేవగానే మోకాలు ఎలా ఉందన్నదే మీ పరీక్ష.

తిరుపతి దగ్గరివాళ్లకు దీనికి మించిన మైదానం లేదు. అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. పైకెక్కి బస్సులో దిగేస్తే సగం పనే అయింది. దిగడమూ నడిచే దిగండి, డోల్మా లా అవతలి దిగుడు మోకాళ్లనే పడుతుంది. కొత్త బూట్లు కూడా ఈ మెట్ల మీదే పాతబడాలి. కొండ దగ్గర డబ్బా విప్పిన బూటు మొదటి రోజే మడమ కొరుకుతుంది.

ఒక భ్రమ వదులుకోవాలి. ఇక్కడ ఎంత నడిచినా ఎత్తుకు అలవాటు పడడం ఇక్కడ జరగదు, మన తూర్పు కనుమల్లో 1,700 మీటర్లు దాటిన శిఖరమే లేదు. ప్రాణాయామం వల్ల ఊపిరి నిదానిస్తుంది, భయం తగ్గుతుంది. అంతవరకే. పైన కుంభకం పట్టకండి (ఊపిరి బిగబట్టకండి), ఉన్న కాస్త ప్రాణవాయువూ పడిపోతుంది. దృఢంగా ఉన్న కుర్రాళ్లకే ఎత్తు జబ్బు ఎక్కువగా కనిపించడానికి కారణం వాళ్లు వేగంగా ఎక్కడమే.

ఎత్తు జబ్బును గుర్తుపట్టడం

మామూలు రకం: తలనొప్పి, ఆకలి లేకపోవడం, వికారం, నిద్ర పట్టకపోవడం. ఇవి వస్తే ఇంకా పైకి వెళ్లి పడుకోకూడదు. ఒక రోజు ఉన్నచోటే ఉంటే చాలామందికి సర్దుకుంటుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఒక్కసారిగా ఎగపీల్చి మెలకువ రావడం ఆ ఎత్తులో మామూలే. పక్కవాళ్లు చూసి హడలిపోతారు గానీ అదొక్కటే అయితే ప్రమాదం కాదు.

ప్రమాదకరమైనవి రెండు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగతో లేదా గులాబీ రంగు కఫం: ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. మాట తడబాటు, తికమక, తాగినవాడిలా తూలడం: మెదడు వాస్తోంది. రెండోదాన్ని పట్టడానికి తేలిక పరీక్ష ఉంది. నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు వేయించండి. పక్కకు తూలితే ఇక చర్చ వద్దు. ఆక్సిజన్ పెట్టి, రాత్రి అయినా సరే, దించేయాలి. "పొద్దున చూద్దాం" అన్న మాటే చంపుతుంది. పీఠభూమిలో ఇంకో చిక్కు: వాహనం ఎక్కితే గబుక్కున వెయ్యి మీటర్లు దిగే వీలు లేదు. దర్చెన్ నుంచి తక్లాకోట్ సుమారు 100 కిలోమీటర్లు, అదీ 3,900 మీటర్ల దరిదాపులోనే. అందుకే అనుమానం దగ్గరే కదలాలి.

నివారణకు అసిటజోలమైడ్, మనకు తెలిసిన పేరు డయామాక్స్. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తు ఎక్కడానికి ఒక రోజు ముందు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు వైద్యుడిని అడగకుండా ముట్టకూడదు. వేళ్లు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువ అవుతుంది. ఇంటి దగ్గరే రెండు రోజులు వేసుకుని చూస్తే పైన కంగారుండదు. నిద్రమాత్రలు, మద్యం ససేమిరా వద్దు.

ఆక్సీమీటర్ తీసుకెళ్లండి కానీ దానికి దాసులు కాకండి. 4,600 మీటర్ల దగ్గర 80 నుంచి 88 మధ్య అంకె కనిపించడం అక్కడ అసాధారణం కాదు. చేతులు చల్లబడితే, గోళ్ల రంగో నల్ల మెహందీయో ఉంటే తప్పు చూపిస్తుంది. అంకె కంటే మనిషి ముఖ్యం: తింటున్నాడా, తిన్నగా నడుస్తున్నాడా, మాట సరిగ్గా ఉందా. అంగళ్లలో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొద్ది నిమిషాల పాటే వస్తాయి, వాటిని వైద్యం అనుకోకండి.

నీళ్లు రోజుకు మూడు లీటర్లు, వేడివి. ఏకాదశి అనో సోమవారం అనో ఉపవాసం పట్టే అలవాటు ఆ పది రోజులు ఆపండి. ఖాళీ కడుపుతో ఆ చలిలో నడిచేవాళ్లు త్వరగా పడిపోతారు.

సంచిలో ఏముండాలి

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పగలు ఎండ మాడుస్తుంది, రాత్రి సున్నా కిందికి దిగుతుంది, జూన్‌లోనూ కనుమ మీద మంచు ఉండొచ్చు. ఒకే లావుపాటి స్వెట్టర్ కంటే పొరలు మేలు: లోపల థర్మల్స్ రెండు జతలు, మధ్యన ఫ్లీస్, పైన డౌన్ జాకెట్, అన్నిటి మీదా వానకోటు. నూలు బనియన్, జీన్స్ వద్దు, చెమటకు తడిస్తే ఆరవు. ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు, మంకీ క్యాప్, రెండు పొరల చేతి తొడుగులు, పక్కలు మూసిన నల్ల కళ్లద్దాలు, ఎస్‌పీఎఫ్ 50 క్రీము, పెదాలకు బామ్, తలకు కట్టుకునే టార్చి, థర్మాస్, చేతికర్ర. మంచు మీద కళ్లద్దాలు తీసేసినవాళ్లకు సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టవుతుంది. వెట్ వైప్స్, టాయిలెట్ పేపరు ఎక్కువే పెట్టుకోండి. మరుగుదొడ్లంటే పలకల మధ్య గుంత, కొన్నిచోట్ల అదీ లేదు.

తిండి గురించి ఒక భౌతికశాస్త్రం ముక్క. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 85 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కర్ లేకుండా బియ్యం పలుకు పోదు, కందిపప్పు గంటలైనా ఉడకదు. వేడినీళ్లు పోస్తే తయారయ్యేవే నమ్మకం: అటుకులు, ఉప్మా మిక్స్, సేమియా. పుట్నాల పొడి, కందిపొడి, పల్లీ చెక్కీ, నువ్వుండలు, శొంఠి. ఆకలి చచ్చిన నోటికి ఒక ముద్ద కందిపొడి అన్నం దిగుతుంది, అదే మందు. నూనె ఊరే ఆవకాయ సీసా మాత్రం సంచిలోనే పగిలి పరువు తీస్తుంది.

కర్పూరం, అగ్గిపెట్టెలు విమానం సామానులో పట్టుకుంటారు. దలైలామా ఫోటోలు, పుస్తకాలు, ఫోన్‌లో బొమ్మలు కూడా ఉండకూడదు. తనిఖీలో కనబడితే జట్టంతా ఆగిపోతుంది. లాసా నుంచి విమానం ఎక్కేవాళ్లకు ఇంకోటి: 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సీ గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ) లేని పవర్ బ్యాంకును అనుమతించడం లేదు.

డబ్బు యువాన్లలో, నగదుగా, చిన్న నోట్లతో. గుర్రం, పోర్టర్, టీ డేరా అన్నీ అదే. టిబెట్‌లో నడిచేది బీజింగ్ సమయం, మనకంటే రెండున్నర గంటలు ముందు. అందుకే వేసవిలో పొద్దు పొడిచేది వాళ్ల గడియారంలో ఏడున్నర దాటాక. "ఆరింటికి బయల్దేరాలి" అన్నారంటే ఎవరి ఆరో అడగండి.

సరస్సు ఒడ్డున

మానస సరోవరం మంచినీటి సరస్సు, చుట్టుకొలత 88 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చాలా జట్లు బస్సులోనే చుట్టిస్తాయి. పక్కనే రాక్షస తాల్, ఉప్పు నీరు. రావణుడు తపస్సు చేసిన చోటని మనవాళ్ల నమ్మకం, ఆ నీళ్లు తాగరు. రెంటి మధ్యా గంగా ఛూ అనే కాలువ ఉంది. దాని దగ్గరి చియూ గొంపా (బౌద్ధ మఠం) గుట్ట ఎక్కితే ఇటు సరస్సు, దక్షిణాన 7,694 మీటర్ల గుర్లా మాంధాత, అటు ఉత్తరాన కైలాసం ఒకేచోట కనబడతాయి. కుంకుమ పొట్లాలతో పరుగెత్తకుండా అక్కడ అరగంట కూర్చోవడం మంచిది.

ఇటీవలి కాలంలో సరస్సులోకి దిగి మునగనివ్వడం లేదు. బక్కెట్‌తో నీళ్లు తెచ్చుకుని, ఒడ్డుకు దూరంగా పోసుకోవాలి, సబ్బు ముట్టకూడదు. చేసేట్టయితే మిట్టమధ్యాహ్నం, ఎండలో, గాలి లేనప్పుడు. సాయంత్రం గాలి లేచాక తలస్నానం చేసినవాళ్లకు రాత్రికి చలిజ్వరం, మర్నాటికి పరిక్రమ రద్దు. ఒంట్లో బాగాలేకపోతే మూడు దోసిళ్లు నెత్తిన చల్లుకుని ఆచమనం చేయండి, శాస్త్రం దానికీ చోటిచ్చింది. తల తడిస్తే వెంటనే తుడిచి టోపీ పెట్టాలి.

బ్రాహ్మీ ముహూర్తంలో సరస్సు మీద జ్యోతులు చూడాలని అందరికీ ఉంటుంది. ఒంటరిగా వెళ్లకండి. చీకట్లో వీధి కుక్కలు గుంపుగా తిరుగుతాయి. కర్ర, టార్చి, ఇద్దరు తోడు ఉండాలి.

పరిక్రమ మూడు రోజులు

ముందు దర్చెన్‌లో ఒక రాత్రి. అక్కడే పెద్ద సంచి వదిలి, చిన్న సంచిలో రెండు రాత్రులకు సరిపడా పెట్టుకోండి. గుర్రం కావాలో వద్దో ఇక్కడే తేల్చాలి. మూడు రోజులకు కలిపి మాట్లాడతారు, మొదటి రోజే దిగిపోయినా డబ్బు వాపసు రాదు. ఏ గుర్రం ఎవరికన్నది చీటీల మీద తేలుతుంది. గుర్రం తీసుకున్నా పోర్టర్ వేరు, నీళ్లూ జాకెట్టూ ఉన్న సంచి మీకు అందుబాటులో ఉండాలి. గుర్రంవాడు ముందు పోతే సంచి అతనితో పోతుంది.

మొదటి రోజు బస్సు యమద్వారం దాకా. దగ్గర్లోనే తర్‌బోచే ధ్వజస్తంభం, సాగా దావా పండుగ పౌర్ణమికి టిబెటన్లు దాన్ని దించి కొత్త జెండాలతో నిలబెడతారు. యమద్వారం లోపలినుంచి దూరి, వెనక్కి చూడకుండా నడవడం మనవాళ్ల ఆచారం. అక్కడి నుంచి లా ఛూ నది వెంట దిరాపుక్‌కు సుమారు 12 కిలోమీటర్లు, ఎక్కుడు తక్కువ. తేలిగ్గా ఉందని వేగం పెంచుతారు, అదే తప్పు. అడుగు వేగానికి కొలత: ఒక ఊపిరిలో "ఓం నమః శివాయ" రెండుసార్లు పైకి అనగలగాలి. ఒకసారికే తెగిపోతుంటే నెమ్మదించండి.

దిరాపుక్ 5,000 మీటర్లకు అటూఇటూ. కైలాసం ఉత్తర ముఖం ఎదురుగా, రెండు గుట్టల నడుమ నిటారుగా నిలబడి ఉంటుంది. ఆ గుట్టలు బౌద్ధులకు వజ్రపాణి, అవలోకితేశ్వరుడు. ఉదయపు తొలి ఎండ పడి బంగారు రంగుకు తిరిగే దర్శనం ఇక్కడే. పాదాల దాకా వెళ్లి తాకి వస్తామని అక్కడి మంచునది పోసిన రాళ్ల గుట్టల మీదికి బయల్దేరకండి. అనుమతి చాలాసార్లు ఉండదు, ఆ శ్రమ మర్నాటి కాళ్లను తినేస్తుంది.

ఆ రాత్రి నిజాయితీగా లెక్క చూసుకోండి. తలనొప్పి మాత్ర వేసినా తగ్గలేదా? అన్నం సయించలేదా? గీత మీద తూలారా? ఒక్కదానికి అవును అన్నా దిరాపుక్ దర్శనంతో వెనక్కి దిగాలి. యమద్వారం దాకానే వచ్చి దర్శనం చేసుకుని వెళ్లేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. వాళ్ల యాత్ర తక్కువైందని ఏ సంప్రదాయమూ చెప్పలేదు, చెప్పేది పక్క మంచం మీది తోటి యాత్రికులే.

రెండో రోజు అసలుది. దిరాపుక్ నుంచి జుతుల్‌పుక్‌కు 22 కిలోమీటర్లు, మధ్యలో బస లేదు. తెల్లవారక ముందే కదలాలి. మధ్యాహ్నం దాటితే కనుమ మీద గాలి, మంచు. మొదటి ఆరేడు కిలోమీటర్లలోనే 600 మీటర్ల పైచిలుకు ఎక్కాలి. దారిలో శివస్థల్ దగ్గర భక్తులు బట్టలూ వెంట్రుకలూ వదిలి ఉంటారు, పాత జీవితం వదిలేశామన్న గుర్తుగా. మీరు ఇంకో నైలాన్ చొక్కా పడేయకండి. చివరి ఎక్కుడులో యాభై అడుగులకోసారి నిలబడండి, కూర్చోకండి. కూర్చుంటే లేవడానికి ఇంకో గుక్కెడు కావాలి.

డోల్మా లా మీద తారాదేవి బండ, చుట్టూ వేల జెండాలు. పావుగంట చాలు. ఫోటోల కోసం చేతి తొడుగులు తీసి అరగంట నిలబడిన వేళ్లు తర్వాత బిగుసుకుపోతాయి. అవతల కొంచెం దిగగానే గౌరీకుండం కింద పచ్చగా కనిపిస్తుంది. దారి నుంచి కుండం దాకా దిగుడు నిటారు, మళ్లీ ఎక్కాలి. పోర్టర్‌కు కొంత ఇస్తే నీళ్లు తెచ్చిపెడతారు, అదే తెలివి.

ఇక్కడి నుంచి బండరాళ్ల దిగుడు. గుర్రం మీదున్నవాళ్లనూ దించేస్తారు, గుర్రం ఉంది కదా అని కాళ్లకు సాధన చేయనివాళ్లు ఇక్కడ ఏడుస్తారు. చేతికర్ర ఒక పిడికెడు పొడుగు పెంచి, ముందు కర్ర, తర్వాత అడుగు. కిందికి చేరాక అయిపోయిందనుకుంటారు, ఇంకా సగానికి పైగా దారి మిగిలే ఉంది, లోయలో చదునుగా, సాగుతూనే ఉంటుంది. జేబులో చెక్కీ ముక్కలు ఈ భాగానికి దాచుకోండి. టీ డేరా కనబడితే ఆగి, వేడిగా తాగి, థర్మాస్ నింపుకోండి.

జుతుల్‌పుక్‌లో టిబెటన్ యోగి మిలారేపా గుహ ఉంది. ఆయన పైకప్పు మీద వదిలిన చేతి ముద్ర అని చూపిస్తారు. మూడో రోజు నదీలోయ అంచున ఐదారు కిలోమీటర్లు నడిస్తే బస్సు.

ఈ కొండ ఒక్కరిది కాదు

మనకు శివుడి నివాసం. జైనులకు ఋషభదేవుడు మోక్షం పొందిన అష్టాపదం. టిబెటన్ బౌద్ధులకు చక్రసంవరుడి కొలువు. టిబెట్ పాత మతమైన బోన్ మతస్థులకు వాళ్ల గురువు తోన్‌పా షెన్‌రాబ్ దిగివచ్చిన చోటు. బోన్ వాళ్లు అపసవ్యంగా తిరుగుతారు. ఎదురొస్తే దారి ఇవ్వండి, "ఇటు కాదు" అని చెప్పబోకండి. సాష్టాంగపడుతూ కొండ చుట్టేవాళ్లు కనబడితే అంచుకు జరిగి దాటండి, ముఖం ముందు కెమెరా పెట్టొద్దు. మంత్రాలు చెక్కిన మణి రాళ్లు జ్ఞాపకంగా తెచ్చుకోవడం దొంగతనమే. తర్‌బోచే పైన శవాలను రాబందులకు అర్పించే చోటు ఉంది, అటు పోవద్దు. శిఖరం ఎక్కినవాళ్లు ఎవరూ లేరు, ఎక్కడం నిషేధం.

టిబెటన్ల గుర్రపు సంవత్సరంలో, 12 ఏళ్లకోసారి, 2014 తర్వాత 2026లో, ఒక పరిక్రమ పదమూడింటి ఫలమని నమ్మకం. ఆ ఏడు దిరాపుక్‌లో మంచాలకు, గుర్రాలకు కటకట. బస రాతపూర్వకంగా ఖాయం చేసుకోకుండా బయల్దేరకండి.

తీర్థం ఇంటికి తెచ్చుకోవడం

పలుచటి నీళ్ల బాటిల్ వద్దు. 4,600 మీటర్ల దగ్గర మూత బిగించిన బాటిల్‌లోని గాలి కింది ఊళ్లకు దిగేకొద్దీ కుంచించుకుని బాటిల్ నలిగి, మూత దగ్గర కారుతుంది. మందపాటి ప్లాస్టిక్ క్యాన్‌ను మెడ దాకా నిండా నింపి, మరకు టెఫ్లాన్ టేపు చుట్టి, రెండు పాలిథీన్ సంచుల్లో పెట్టి చెక్-ఇన్ సామానులో వేయండి. చేతి సంచిలో పోనివ్వరు. ఒడ్డున యాక్‌లూ గొర్రెలూ తిరుగుతాయి కాబట్టి, ఇంటికొచ్చాక పిల్లలకూ పెద్దలకూ తీర్థం ఇచ్చే ముందు ఆ నీళ్లు కాచి చల్లార్చండి.